గర్భసంచి తీసేశాక అండాశయంలో నీటి బుడగ, పొత్తికడుపు నొప్పి: ఏది ముందు, ఏది తర్వాత

గర్భసంచి ఆపరేషన్ అయిన రెండు మూడేళ్ళకు పొత్తికడుపులో మళ్ళీ నొప్పి మొదలవుతుంది. స్కానింగ్ తీయిస్తే కుడి అండాశయంలో 4 సెంటీమీటర్ల సిస్ట్ (నీటి బుడగ) ఉందని రాసిస్తారు. ‘సంచే లేనప్పుడు ఈ బుడగ ఎక్కడిది? మళ్ళీ కోయించుకోవాలా?’ అని చాలామంది అడుగుతున్నారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. సంచిని తీసి అండాశయాలను ఉంచితే అవి మెనోపాజ్ (అండాశయాల పని శాశ్వతంగా ఆగిపోయే దశ) వచ్చేదాకా నెలనెలా అండాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. అండం పెరిగే నీటి తిత్తి సమయానికి పగలకపోయినా, పగిలాక మళ్ళీ మూసుకుపోయి నీరో రక్తమో నిండినా, స్కానింగ్‌లో అదే బుడగగా కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్కల్లో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 8 శాతం దాటారు. మన దగ్గర ముప్ఫైలలోనే ఈ ఆపరేషన్ అయినవారు ఎందరో ఉన్నారు కాబట్టి, వారి అండాశయాలు ఆ తర్వాత కూడా పదిహేను ఇరవై ఏళ్ళు పనిచేయవలసి ఉంటుంది.

రెండో ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. స్కానింగ్‌లో బుడగ కనిపించింది కాబట్టి నొప్పికి అదే కారణమని తీర్మానించడం ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు. పేగులు, మూత్రాశయం, పాత కుట్టు, కటి కండరాలు కూడా అచ్చం అలాంటి నొప్పినే పుట్టిస్తాయి. అందుకే కింది అంచెలను వరుస తప్పకుండా పాటించండి.

## 1. ముందుగా: ఈ లక్షణాలు ఉంటే ఇంట్లో ఆగవద్దు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా అంచెలను పక్కన పెట్టి, రాత్రయినా సరే 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

- ఒక పక్కన హఠాత్తుగా మొదలై నిమిషాల్లో భరించలేనంతగా పెరిగిన నొప్పి, దానితో పాటు వాంతులు. అండాశయం తన కాడ మీద మెలి తిరిగితే ఇలా ఉంటుంది. రక్తప్రసారం ఆగిపోతుంది కాబట్టి ప్రతి గంటా విలువైనదే.
- నొప్పితో పాటు కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, భుజం కొసన నొప్పి. బుడగ పగిలి లోపల రక్తం కారుతూ ఉండవచ్చు.
- చలిజ్వరం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట లేదా చీము.
- కడుపు ఉబ్బి, వాంతులై, మలం గానీ గాలి గానీ పోకపోవడం. పాత ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కుని దారి మూసుకుపోయి ఉండవచ్చు.
- ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లో యోని నుంచి ఎర్రని రక్తస్రావం, లేదా ఆపుకోలేకుండా నీళ్ళలా కారడం.
- ఒక కాలు వాచి, పిక్క నొప్పి పెట్టడం, లేదా ఆయాసం.

మెలి తిరిగిన అండాశయం ఒక్కోసారి దానంతట అదే విడివడి, నొప్పి తగ్గి, మళ్ళీ మెలి పడుతుంది. ‘సూది వేయించుకుంటే తగ్గిపోయింది’ అని ఊరుకున్నవారు మర్నాడు ప్రమాదంలో పడేది ఇక్కడే. వాంతులతో కూడిన తీవ్రమైన నొప్పి తగ్గినా సరే, ఆ రోజే స్కానింగ్ చేయించుకోండి.

## 2. మీకు ఏం తీశారో, ఏం ఉంచారో కాగితం మీద తేల్చుకోండి

‘పెద్దాపరేషన్ చేశారు’ అని మాత్రమే తెలిసినవారు చాలామంది. అండాశయాలు ఉన్నాయా లేవా అన్నది తెలియకపోతే తర్వాతి అంచెలన్నీ చీకట్లో రాళ్ళు వేసినట్టే అవుతాయి.

సంపాదించవలసిన కాగితాలు మూడు.

- డిశ్చార్జ్ సమ్మరీ: చేసిన ఆపరేషన్ పేరు ఇందులో ఉంటుంది.
- ఆపరేషన్ నోట్స్: లోపల ఏం కనిపించిందో, ఏవేవి అతుక్కుని ఉన్నాయో, అండాశయాలను, ట్యూబులను ఏం చేశారో సర్జన్ రాసి ఉంచేది ఇందులోనే.
- బయాప్సీ రిపోర్టు: తీసిన భాగాలను ల్యాబులో పరీక్షించి ఇచ్చిన నివేదిక. కొలతలతో సహా ఏయే అవయవాలు అందాయో ఇందులో ఉంటుంది కాబట్టి, మాటల కంటే దీన్ని నమ్మవచ్చు.

ఇన్‌పేషెంట్ రికార్డులను ఆసుపత్రి కనీసం మూడేళ్ళు భద్రపరచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలనీ వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. రాతపూర్వకంగా అడిగి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. మూడేళ్ళు దాటిపోయినా అడిగి చూడటంలో నష్టం లేదు. కాగితం దొరక్కపోతే స్కానింగ్ చేసే డాక్టరుకు ఆ మాట ముందే చెప్పి, రెండు అండాశయాలనూ వెతికి రాయమనండి.

కాగితాన్ని బట్టి మీరు కింది నాలుగింటిలో ఒకదానికి, ఒక్కోసారి రెండింటికి చెందుతారు.

సంచి మాత్రమే తీశారు, రెండు అండాశయాలూ ఉన్నాయి. నెలనెలా వచ్చిపోయే బుడగలు వీరికే ఎక్కువ. ఆపరేషన్ తర్వాత అండాశయాలు మామూలు కంటే కొన్నేళ్ళు ముందుగానే అలసిపోయే అవకాశమూ ఉంది.

ఒక అండాశయం తీశారు. మిగిలినది ఒక్కటే కాబట్టి దాని విషయంలో తీసుకునే ప్రతి నిర్ణయమూ బరువైనదే.

రెండూ తీశారు, అయినా బుడగ కనిపిస్తోంది. ఆపరేషన్‌లో అండాశయం చుట్టుపక్కల వాటికి గట్టిగా అతుక్కుని ఉంటే చిన్న ముక్క మిగిలిపోయి, మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టవచ్చు. హార్మోన్ బిళ్ళలు వాడకపోయినా వేడి ఆవిర్లు రాకపోవడం దీనికి ఒక ఆనవాలు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయోల్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు దీన్ని తేల్చడానికి సాయపడతాయి. హార్మోన్ మందులు వాడుతుంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలి. లేకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

గర్భాశయ ముఖద్వారాన్ని ఉంచారు. వీరికి నెలకోసారి మరకలా రక్తం కనిపించవచ్చు. ముఖద్వారం ఉన్నంతకాలం, అక్కడి క్యాన్సర్ మార్పులను ముందే పట్టే పాప్ స్మియర్ వంటి పరీక్షలు మానకూడదు.

## 3. తొంభై రోజుల నొప్పి పుస్తకం

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయమంటాను. నెలసరి లేదు కాబట్టి మీ ఒంట్లో నెల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో బయటికి కనిపించదు. దాన్ని రాతలోనే పట్టుకోవాలి.

పిల్లల పాత నోటుబుక్కు చాలు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్క వరుస రాయండి.

- నొప్పి 0 నుంచి 10లో ఎంత, ఏ పక్కన, ఎన్ని గంటలు.
- ఎలాంటి నొప్పి: పొడిచినట్టా, లాగినట్టా, మంటా, బరువా.
- రొమ్ములు బరువెక్కడం, చిరాకు, జిగురులాంటి తెల్లబట్ట.
- విరేచనం ఎలా అయింది. అయ్యాక నొప్పి తగ్గిందా.
- మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళారు. నిండినప్పుడు నొప్పి, వెళ్ళాక ఉపశమనం ఉన్నాయా.
- ఆ రోజు చేసిన బరువు పని, ప్రయాణం, కలయిక.
- వేసుకున్న మందు, దాని వల్ల ఎంత తగ్గింది.

మూడు నెలలయ్యాక వెనక్కి తిరిగి చూడండి. నాలుగు వారాలకోసారి, రొమ్ముల బరువుతో పాటు, ఒక నెల కుడిపక్క, ఒక నెల ఎడమపక్క రెండు మూడు రోజులు నొప్పి వచ్చి పోతుంటే అది అండాశయపు నెలవారీ పని. తేదీలతో సంబంధం లేకుండా తిండి, విరేచనాలతో పెరిగి తగ్గేది పేగుల నొప్పి. మూత్రం నిండినప్పుడు పెరిగి, పోశాక తగ్గేది మూత్రాశయపు నొప్పి. ఎక్కువసేపు కూర్చున్నా, కలయిక తర్వాతా పెరిగి మర్నాటి దాకా సలిపేది చాలాసార్లు కటి కండరాల బిగుతు.

మొదటి అంచెలోని లక్షణాలు ఉన్నవారు, రిపోర్టులో అనుమానం రాసి ఉన్నవారు మూడు నెలలు ఆగనవసరం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తూనే పుస్తకం కూడా రాసుకోవచ్చు.

## 4. నొప్పి చోటును ఒక్క వేలితో చూపించండి

ఆపరేషన్ అయి మూడు నెలలు దాటినవారు, తీవ్రమైన నొప్పి లేని రోజున ఈ చిన్న పరీక్ష చేసుకోవచ్చు.

1. మూత్రం పోసి వచ్చి వెల్లకిలా పడుకోండి.
2. ఎక్కువగా నొప్పి పెట్టే చోటును ఒక వేలితో మెల్లగా నొక్కి, నొప్పి ఎంతో గమనించండి.
3. వేలు తీయకుండా, చేతుల ఆసరా లేకుండా, తలనూ భుజాలనూ కాస్త పైకి లేపండి.
4. పొట్ట కండరాలు బిగుసుకున్నప్పుడు నొప్పి అంతే ఉన్నా, పెరిగినా అది పొట్ట గోడలోనిది కావచ్చు. తగ్గితే లోపలి అవయవాలది కావచ్చు.

అడ్డకోత ఆపరేషన్లలో కుట్టు రెండు కొసల దగ్గర సన్నని నరాలు ఇరుక్కునే అవకాశం ఉంటుంది. అక్కడ వేలు పెడితే షాక్ కొట్టినట్టు ఉండడం, చుట్టూ తిమ్మిరి, తొడ మొదలు దాకా మంట దాని గుర్తులు. అలాంటి చోట మత్తుమందు సూది వేసి చూస్తే అటు నిర్ధారణా అవుతుంది, ఇటు చాలామందికి ఉపశమనమూ దొరుకుతుంది. ఆ సూది చేయవలసిన పనికి అండాశయం తీయించుకున్నవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది. కుట్టు దగ్గర దగ్గినప్పుడు ఉబ్బెత్తు కనిపిస్తే హెర్నియా ఏమో సర్జన్‌కు చూపించాలి.

కలయికలో లోతుగా మాత్రమే నొప్పి వస్తుంటే, యోని పైభాగాన కుట్టు వేసిన చోటును డాక్టరు ప్రత్యేకంగా చూడాలి. అక్కడ కండ పెరగడం, లేదా అండాశయం ఆ కుట్టుకు అతుక్కుపోవడం కారణం కావచ్చు. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడితే డాక్టరు ఆ చోటును చూడనే చూడకపోవచ్చు.

## 5. స్కానింగ్ సరిగ్గా చేయించుకోవడం, రిపోర్టు చదవడం

పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్ కంటే యోని ద్వారా చేసే టీవీఎస్ స్కానింగ్‌లో అండాశయాలు స్పష్టంగా కనిపిస్తాయి. పొట్ట మీది స్కానింగ్‌కు మూత్రం నిండుగా ఉండాలి, టీవీఎస్‌కు ఖాళీగా ఉండాలి. సంచి లేని చోటికి పేగులు జారి వస్తాయి కాబట్టి పేగును బుడగగా, బుడగను పేగుగా పొరబడే వీలుంది. మీకు ఏ ఆపరేషన్ అయిందో స్కానింగ్ గదిలో తప్పకుండా చెప్పండి.

రిపోర్టులో వెతకవలసిన మాటలు ఇవి.

- సింపుల్ సిస్ట్: పలుచని గోడ, లోపల నీరు మాత్రమే. మెనోపాజ్ రానివారిలో 5 సెంటీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా రెండు మూడు నెలల్లో అదే పోతుంది. 5–7 సెంటీమీటర్లదైతే ఏడాదికోసారి చూస్తారు. 7 దాటితే ఎంఆర్ఐ గానీ ఆపరేషన్ గానీ ఆలోచిస్తారు.
- హెమరేజిక్ సిస్ట్: లోపల రక్తం చేరిన బుడగ. పేరు భయపెట్టినా, మెనోపాజ్ రానివారిలో ఎక్కువ భాగం కరిగిపోతుంది. పెద్దదైతే 6–12 వారాలకు మళ్ళీ స్కానింగ్ చేస్తారు.
- ఎండోమెట్రియోమా (ఎండోమెట్రియోసిస్ వల్ల పాత రక్తం నిండిన బుడగ), డెర్మాయిడ్ (కొవ్వు, వెంట్రుకల వంటివి ఉండే బుడగ): ఇవి వాటంతట అవి కరగవు. పరిమాణం, నొప్పి, వయసు చూసి నిర్ణయిస్తారు.
- పెరిటోనియల్ ఇన్‌క్లూజన్ సిస్ట్: అండాశయం విడుదల చేసే నీరు ఆపరేషన్ అతుకుల మధ్య చిక్కుకుపోయి ఏర్పడే మడుగు. ఇది నిజానికి అండాశయపు బుడగ కాదు. ఆపరేషన్ చేసినా మళ్ళీ వచ్చే అలవాటు దీనికి ఎక్కువ.
- హైడ్రోసాల్పింక్స్: ఉంచిన ట్యూబులో నీరు నిండడం. సాసేజ్ ఆకారంలో ఉందని రాస్తారు.
- కాంప్లెక్స్ (నీరు మాత్రమే కాని బుడగ), సెప్టేషన్లు (లోపలి అడ్డుగోడలు), సాలిడ్ భాగం (గట్టి భాగం), అసైటిస్ (కడుపులో నీరు చేరడం): ఈ మాటలు ఉంటే ఆలస్యం చేయకుండా నిపుణులను కలవాలి. అవి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, తేల్చుకోవాలని అర్థం.

అండాశయ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చేసే సీఏ-125 రక్తపరీక్ష గురించి ఒక జాగ్రత్త. దాని మామూలు హద్దు 35. మెనోపాజ్ రానివారిలో ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటి కణజాలం సంచి బయట పెరగడం), ఇన్ఫెక్షన్ వంటి వాటికి కూడా అది పెరుగుతుంది. 48 వచ్చిందని రాత్రంతా ఏడవనవసరం లేదు. స్కానింగ్‌తో కలిపి చదివితేనే దానికి అర్థం ఉంటుంది.

సంచి లేనివారికి మెనోపాజ్ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? బుడగ ప్రమాదాన్ని లెక్కగట్టే ఒక ప్రామాణిక పద్ధతిలో, గర్భసంచి తీసి 50 ఏళ్ళు దాటినవారిని మెనోపాజ్ వచ్చినట్టే లెక్కిస్తారు. అంతకు తక్కువ వయసులో వేడి ఆవిర్లు, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష దారి చూపుతాయి. ఈ తేడా ముఖ్యం. మెనోపాజ్ దాటినవారిలో కొత్తగా వచ్చిన ఏ బుడగనైనా ‘నెలవారీది, అదే పోతుంది’ అని వదలకూడదు. అది ఒక పక్కన మాత్రమే ఉండి, సింపుల్‌గా, 5 సెంటీమీటర్ల లోపు ఉండి, సీఏ-125 కూడా మామూలుగా ఉంటే 4–6 నెలలకోసారి స్కానింగ్ చేస్తూ గమనిస్తారు.

ముఖ్యంగా 50 దాటినవారిలో కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మూత్రానికి పదేపదే పరిగెత్తడం నెలలో పన్నెండు సార్లకు మించి కనిపిస్తుంటే గ్యాస్ బిళ్ళలతో సరిపెట్టుకోకుండా పరీక్షలు చేయించుకోవాలి.

## 6. గమనిస్తూ ఉండే రోజుల్లో ఇంట్లో చేయవలసినవి

డాక్టరు ‘ఆరు వారాలు చూద్దాం’ అన్నప్పుడు ఆ ఆరు వారాలూ పళ్ళబిగువున గడపమని కాదు.

కాపడం. వేడినీళ్ళ సంచి గానీ, రాళ్ళ ఉప్పు వేయించి కట్టిన మూట గానీ, గుడ్డ మీద నుంచి 15–20 నిమిషాలు పెట్టండి. రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టవచ్చు. కుట్టు చుట్టూ తిమ్మిరి ఉన్నవారికి కాలినా తెలియదు కాబట్టి ముందు చేతి మీద పెట్టి చూడాలి. జ్వరం ఉన్నప్పుడు, నొప్పి హఠాత్తుగా పెరిగినప్పుడు కాపడంతో కాలయాపన చేయవద్దు.

విరేచనం. నిండిన పేగు అండాశయం మీద ఒరిగి నొప్పిని రెట్టింపు చేస్తుంది. జొన్నరొట్టె, రాగి, తోటకూర, బీరకాయ, జామపండు వంటి పీచున్న తిండిని వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది. చాలకపోతే రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్‌ను గ్లాసు నిండా నీళ్ళతో తీసుకోవచ్చు. వెస్టర్న్ కమోడ్ వాడేవారు కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే ముక్కవలసిన పని తగ్గుతుంది.

మూత్రం. పొలంలో, బస్సులో, కొట్లో పనిచేసేవారు గంటల తరబడి బిగపట్టడం అలవాటు చేసుకుంటారు. రెండున్నర, మూడు గంటలకోసారి వెళ్ళేలా చూసుకోండి. మూత్రాశయపు నొప్పి ఉన్నవారు రెండు వారాలు టీ, కాఫీ, పచ్చిమిర్చి కారం తగ్గించి, పుస్తకంలో తేడా వస్తుందేమో చూడండి.

కండరాలను వదులు చేయడం. నొప్పికి భయపడి కటి కండరాలు ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. ఆ బిగుతే మరో నొప్పి అవుతుంది. రోజుకు రెండుసార్లు ఇలా చేయండి.

1. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, వాటి కింద దిండు పెట్టుకోండి.
2. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చండి. ఛాతీ కాకుండా పొట్ట లేవాలి.
3. గాలి పీల్చేటప్పుడు మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు వదులై కిందికి జారుతున్నట్టు గమనించండి.
4. ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలండి. అయిదు నుంచి పది నిమిషాలు చేయండి.

ఆపరేషన్ తర్వాత అందరికీ కండరాలు బిగించే కీగెల్ వ్యాయామాలు చెబుతుంటారు. మూత్రం జారేవారికి అవి మంచివే. కండరాలు ఇప్పటికే బిగుసుకుని నొప్పి పెడుతున్నవారు అవే చేస్తే నొప్పి పెరుగుతుంది. ఇది తేల్చగలిగే ఫిజియోథెరపిస్టు పెద్ద ఊళ్ళలో దొరుకుతారు. గైనకాలజిస్టునే చీటీ రాయమని అడగండి.

నడక, పని. రోజూ 20–30 నిమిషాల నడక మంచిది. బుడగ 5 సెంటీమీటర్లు దాటి ఉన్నప్పుడు గెంతే వ్యాయామాలు, నడుమును ఒక్కసారిగా మెలితిప్పడం, నీళ్ళ బిందె చంకనెత్తడం వంటివి మానండి.

కలయిక. నొప్పి ఉన్న రోజుల్లో వద్దని చెప్పే హక్కు మీకుంది. పొడిబారితే నీటి ఆధారిత లూబ్రికెంట్ వాడవచ్చు. మెనోపాజ్ దాటినవారికి డాక్టరు ఈస్ట్రోజెన్ క్రీమ్ రాయవచ్చు.

పొట్టను తోమించుకోవడం, బుడగ మీద నొక్కి మర్దన చేయించడం మాత్రం ససేమిరా వద్దు. బుడగను కరిగిస్తామనే పసర్లకు, కషాయాలకు పేరు ఎందుకొస్తుందంటే, అవి తాగినా తాగకపోయినా నెలవారీ బుడగ రెండు మూడు నెలల్లో ఎటూ పోతుంది కాబట్టి.

## 7. మందులు: ఏది, ఎంత, ఎప్పుడు వద్దు

మామూలు నొప్పికి ముందు పారాసిటమాల్. 650 మిల్లీగ్రాముల బిళ్ళ ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. కాలేయ జబ్బు ఉన్నవారు, బాగా తక్కువ బరువు ఉన్నవారు డాక్టరును అడిగి ఇంకా తగ్గించుకోవాలి. జలుబు మందుల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి లెక్కలో అదీ కలపాలి.

అది చాలకపోతే ఇబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్న తర్వాత, రోజుకు మూడుసార్ల లోపు, మూడు నుంచి అయిదు రోజులు. కిడ్నీ జబ్బు, అల్సర్, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా ఉన్నవారు, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు.

నెలసరి నొప్పికి అలవాటైన మెఫనామిక్ యాసిడ్ బిళ్ళలను ఇప్పుడు కూడా చేతికందినట్టు వాడేవారున్నారు. అరుదుగా అది జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లతో ప్రమాదకరమైన అలర్జీని తేవచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది. వాడుతుండగా దద్దుర్లు వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

ఊళ్ళో ఆర్ఎంపీ వేసే సూది ఆ పూటకు హాయినిస్తుంది. అందులో ఏ మందు ఉందో, ఎంత ఉందో చీటీ మీద రాయించుకోండి. వారానికోసారి సూది కావలసి వస్తోందంటే మీకు కావలసింది సూది కాదు, నిర్ధారణ.

గర్భనిరోధక బిళ్ళల విషయంలో రెండు మాటలు. ఉన్న బుడగను అవి త్వరగా కరిగించవు. అండం విడుదలను ఆపుతాయి కాబట్టి, నెలనెలా కొత్త బుడగలు వచ్చి బాధపెడుతున్నవారికి కొత్తవి రాకుండా ఉపయోగపడతాయి. గర్భసంచి లేనిదానికి ఈ బిళ్ళలెందుకని ఇంట్లో అడిగితే చెప్పవలసిన జవాబు అదే. కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర, బీపీ, 35 దాటాక పొగతాగే అలవాటు ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఉన్న బిళ్ళలు పనికిరావు.

నరాల నొప్పి అని తేలితే అమిట్రిప్టిలిన్ వంటి మందును తక్కువ మోతాదులో రాత్రిపూట ఇస్తారు. ‘పిచ్చి మందు’ అని కొట్టు అబ్బాయి అన్నాడని ఆపేయవద్దు. ఆ మోతాదులో అది నొప్పి మందే. గాబాపెంటిన్ కూడా ఇస్తుంటారు. కానీ కారణం కనిపించని పొత్తికడుపు నొప్పికి అది ఉత్తుత్తి బిళ్ళ కంటే మెరుగ్గా పనిచేయలేదని బ్రిటన్‌లో జరిగి 2020లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. మీకది కొన్ని నెలలుగా పనిచేయడం లేదంటే ఆ మాట డాక్టరుతో చెప్పి, ఆయన చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించుకోండి.

## 8. మళ్ళీ ఆపరేషన్ అన్నప్పుడు

ఆపరేషన్ తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి: అండాశయం మెలి తిరగడం, రక్తస్రావం ఆగకపోవడం, క్యాన్సర్ అనుమానం, పెరుగుతూ పోతున్న బుడగ, మందులకు లొంగని నొప్పికి ఆ బుడగే కారణమని నమ్మకంగా తేలడం. వీటిలో ఏదీ లేకుండా ‘సంచి ఎలాగూ లేదు, అండాశయాలూ తీసేస్తే గొడవ వదిలిపోతుంది’ అని ఎవరైనా అంటే అక్కడ ఆగి ఆలోచించాలి.

సహజంగా మెనోపాజ్ రాకముందే రెండు అండాశయాలూ పోతే ఒక్క రాత్రిలో మెనోపాజ్ మీద పడుతుంది. వేడి ఆవిర్లు, నిద్రలేమి వెంటనే వస్తాయి. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం నెమ్మదిగా వస్తాయి. అలా తీయవలసి వచ్చినప్పుడు, వేరే అడ్డంకి లేకపోతే, 50–51 ఏళ్ళ దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వడం మంచి వైద్యంలో భాగం. గర్భసంచి లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. పాత ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి మాత్రం దానితో ప్రొజెస్టిరాన్ కలపవలసి రావచ్చు.

సంతకం పెట్టే ముందు అడగవలసినవి ఇవి.

- నొప్పికి ఈ బుడగే కారణమని ఏ ఆధారంతో అంటున్నారు?
- ఇంకో ఆరు వారాలు చూస్తే వచ్చే నష్టం ఏమిటి?
- బుడగను మాత్రమే తీసి అండాశయాన్ని ఉంచగలరా? రెండోది బాగుంటే దాన్ని ఎందుకు తీయాలి?
- ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా) చేస్తారా? పేగులు, మూత్రనాళం అతుక్కుని ఉంటే అక్కడ సాయపడే సర్జన్ ఉన్నారా?
- తీసిన ముక్కను బయాప్సీకి పంపుతారా?
- తర్వాత కూడా నొప్పి ఉంటే ఏం చేస్తారు?

సూదితో నీరు లాగించుకుంటే చాలా బుడగలు మళ్ళీ నిండుతాయి. క్యాన్సర్ అనుమానం ఉన్న బుడగకు సూది గుచ్చనే కూడదు. అటువంటి అనుమానం ఉంటే స్త్రీల క్యాన్సర్ సర్జన్ ఉన్న చోటికే వెళ్ళాలి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం దగ్గరి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని పథకం కౌంటరులో ముందుగానే అడగండి.

రెండో అభిప్రాయానికి వెళ్ళేటప్పుడు మొదటి డాక్టరు ఏమన్నారో ముందే చెప్పవద్దు. కాగితాలు, నొప్పి పుస్తకం ఇచ్చి, వారి మాట విన్నాకే పోల్చుకోండి.

## 9. డాక్టరు గదిలోకి వెళ్ళే ముందు

- మూడు పాత కాగితాలు, స్కానింగ్ ఫిల్ములన్నీ తేదీల వరుసలో.
- నొప్పి పుస్తకం, దాని మొదటి పేజీలో నాలుగు వాక్యాల సారాంశం.
- వాడుతున్న మందుల అట్టలు, బీపీ, షుగర్ మాత్రలతో సహా.
- అమ్మకు, పెద్దమ్మకు, పిన్నికి, మేనత్తకు, అక్కచెల్లెళ్ళకు అండాశయ లేదా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ వివరం.
- అడగదలచుకున్న మూడు ప్రశ్నలు, రాసుకుని.
- తోడుగా ఒకరు. లోపలి పరీక్ష, కలయిక నొప్పి గురించి మాట్లాడేటప్పుడు ఆ తోడును కాసేపు బయట కూర్చోమనవచ్చు.

బయటికి వచ్చే ముందు బుడగ రకం, కొలత, మళ్ళీ స్కానింగ్ ఎప్పుడో చీటీ మీద రాయించుకోండి. రెండోసారి కూడా వీలైతే అదే చోట, అదే రకం స్కానింగ్ చేయించుకుంటే కొలతలు పోల్చడం తేలిక. నొప్పి పుస్తకం చూసి, మొదటిసారి నొప్పి రోజుల్లో చేయించుకుని ఉంటే ఈసారి నొప్పి లేని వారంలో పడేలా తేదీ పెట్టించుకుని, ఆ తేదీని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.